తొమ్మిదో ప్రశ్నకు జవాబు

షేర్ మార్కెట్ విశ్లేషకులంటే నాకు మంట. సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతూ, నాలుగేళ్లుగా ఈ విశ్లేషకుల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏ కంపెనీ కొత్తగా షేర్లు అమ్మడానికి వచ్చినా సూటు వేసుకుని టీవీలో కూర్చుని కొనండి కొనండి అంటారు. ధర పడిపోయాక అదే సూటుతో ఇంకో కంపెనీని పొగుడుతారు. ఒక్కడూ సిగ్గుపడడు. వాళ్ల మాట విని చిన్న ఊళ్ల జనం ఎలా మునుగుతారో తేల్చి చూపిస్తానని మా గైడు సత్యనారాయణ గారి దగ్గర గొప్పలు పోయాను.

అవకాశం వెతుక్కుంటూ వచ్చింది. మిర్యాలగూడలో తవుడు నూనె తీసే ఒక కంపెనీ పోయినేడు షేర్లు అమ్మకానికి పెట్టింది. లక్షకు తక్కువైతే దరఖాస్తే తీసుకోరు. నెల ముందే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో అరవై మందిని కలిసి ఫారాలు నింపించాను. 'ఈ షేరుకు దరఖాస్తు చేసే ఆలోచన ఉందా?' అని అందులో అడిగాను. మార్కెట్లోకి వచ్చిన మూడు నెలల్లో షేరు మూడో వంతుకు దిగింది. చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదు గానీ, సంతోషించాను. నేనన్నదే నిజమైంది కదా.

అదే అరవై మంది దగ్గరికి రెండో ఫారం పట్టుకుని బయలుదేరాను. అందులో తొమ్మిదో ప్రశ్నే నా ప్రాణం: 'ఎవరి మాట మీద కొన్నారు?' పొద్దున మిర్యాలగూడలో నింపించినవి చదవకుండానే సంచీలో వేసుకుని, కోదాడ బస్సెక్కి, ఎస్తేరమ్మ ఇంటికి వెళ్లాను.

ఎస్తేరమ్మ ముప్పై ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లలో నర్సుగా తిరిగి రిటైరయింది. రేకుల ఇంటి పక్కనే కొత్త ఇంటికి పిల్లర్లు లేపింది. వేసవిలో స్లాబు వేస్తానని పోయినసారి చెప్పింది. వేసవి దాటింది. పిల్లర్ల మీద ఇనప చువ్వలు తుప్పుపట్టి ఉన్నాయి.

"స్లాబు డబ్బులే పెట్టాను మేడం," అంది మామూలుగా, కుర్చీ తుడిచి వేస్తూ.

టీవీ వాళ్ల మీద మళ్లీ ఒళ్లు మండింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా ఫారం నింపి ఇచ్చింది. తొమ్మిదో ప్రశ్న ఎదురుగా గుండ్రటి అక్షరాలతో 'గీత మేడం, సూర్యాపేట' అని ఉంది.

గీత నా పేరు.

"ఎస్తేరమ్మా, ఈ గీత మేడం ఎవరు?"

"మీరేగా."

"కొనమని నేను చెప్పలే గదా. ఆలోచన ఉందా అని అడిగిన, అంతే."

"మేమూ అట్లాగే అడిగేవాళ్లం మేడం," అంది. "ఇంటింటికీ ఫారం పట్టుకుపోయి, పిల్లకు టీకా ఏయించే ఆలోచన ఉందా అమ్మా అని. ఏయించమని చెప్పటమేగా అది. మంచిది కాకపోతే చదువుకున్నోళ్లు ఫారం పట్టుకొని ఇంత దూరం ఎందుకొస్తారు? నేను ఇంట్లో లేకపోతే మళ్లీ వచ్చారు కూడా."

"టీవీల చెప్పింది వినలేదా?"

"వాళ్లెవరో మాకేం తెలుసు. మీరు తెలిసిన మనిషి. గరిడేపల్లిలో నాతో పనిచేసిన సిస్టర్లకు కూడా నేనే చెప్పాను."

సంచీలోంచి మిర్యాలగూడ కట్ట తీశాను. టీచరు రోజా: 'సూర్యాపేట మేడం.' మిల్లు గుమాస్తా బీరన్న: 'కాలేజీ మేడం వచ్చి అడిగింది.' మొత్తం పద్దెనిమిది ఫారాలు. టీవీ పేరు రాసినవాళ్లు ఇద్దరే. అయిదుగురు కొననేలేదు. మిగిలిన పదకొండింటిలో నేనే ఉన్నాను. పొద్దున వాళ్లంతా నాకు టీ ఇచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఏ కోపమూ లేకుండా ఇది రాశారు.

బయటికొచ్చి పిల్లర్ల మధ్య నిలబడి గైడుకు ఫోన్ చేశాను. ఆయన తాపీగా విన్నారు.

"ఆ పదకొండు తీసెయ్ గీతా. మిగతాయి సరిపోతయి."

"ఎస్తేరమ్మతో పన్నెండు సార్," అని ఫోన్ పెట్టేశాను.

లోపలికి వెళ్లేసరికి ఎస్తేరమ్మ ఫారం మళ్లీ ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఆఖరిది ఖాళీగా ఉంచాను మేడం. ఉన్న షేర్లు అమ్ముతారా, ఉంచుతారా అని అడిగారు. ఏం రాయమంటారు?"

ఈ ప్రశ్న కూడా నేను రాసిందే. పొద్దున పద్దెనిమిది మందిని ఇదే అడిగి వచ్చాను. అమ్మమంటే పోయింది పోయినట్టే. ఉంచమంటే మిగిలింది కూడా పోవచ్చు. నాలుగేళ్లు చదివినా నాకు తెలియదు. సిగ్గు విడిచి అదే చెప్పాను.

"నాకు తెల్వదు ఎస్తేరమ్మా. నిజంగనే తెల్వదు. నన్ను నమ్మి ఏం చెయ్యకుండ్రి."

ఆమె నా ముఖంలోకి చూసి తల ఊపింది.

"అర్థమైంది మేడం. ఏం చెయ్యొద్దన్నారు, చాలు. మీరు పైకి చెప్పకూడదుగా."

'ఉంచుతాను' అని రాసి, కింద సంతకం పెట్టింది.