పద్దెనిమిది చదరపు మీటర్లు

“ఏమే, మీ పటంలో మా ఇల్లే లేదటగా! ఎవడే తీసేసింది? వాడి చేతులు పడిపోను!”

ఫోన్లో అక్క నోరూ, వెనక ఆమె కుట్టుమిషనూ, రెండూ ఆగడం లేదు. పొద్దున్నే ఎవరో వచ్చి ఇంటి పక్కన మేకులు పాతిపోయారట. అడిగితే, పటంలో ఇదంతా ఖాళీ నేలే, పంటచెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఇక్కడే వస్తుంది అన్నారట.

చెల్లెలు ఫోను పెట్టేసి పటం తెరిచింది. ఆ పటం గీసింది ఆమే. ఆఫీసులో ఆమెను పటాల పిల్ల అనే పిలుస్తారు. పంటచెత్త ఎంత దొరుకుతుంది, లారీకి రోడ్డుందా, నీళ్ళున్నాయా, కరెంటు లైను దగ్గరేనా, అన్నిటికీ మార్కులేసి కంప్యూటర్లో కూడితే పనికొచ్చే చోటు పచ్చగా తేలుతుంది. అరకిలోమీటరులోపు ఒక్క ఇల్లున్నా ఎర్రబడి తీరాలి. మరి అక్క ఇంటి మీద పచ్చరంగేమిటి? పటంలో ఇంటికొక చుక్క ఉంటుంది; ఎవరో కావాలనే అక్క ఇంటి చుక్కను మాయం చేశారు!

అనుమానం తిన్నగా పక్కసీటు పెద్దాయన మీదికి పోయింది. కొంప మునుగుతున్నా కంగారుపడడు కనుక ఆయన్ని నిమ్మళం సార్ అంటారు. కడుపులో ఏదో దాచుకోకపోతే అంత నిమ్మళం ఎక్కణ్ణించి వస్తుంది? నిన్న తను వెనక నిలబడగానే టక్కున తెర మార్చేశాడు కూడా.

“సార్, ఇళ్ళ చుక్కలు ఎవరైనా తీశారా?” అంది, ఏమీ ఎరగనట్టు.

“నాకేం తెలుసమ్మా!” గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన మళ్ళీ తెర మార్చబోయాడు. పిల్ల ఊరుకుంటుందా? వంగి చూసింది. పేకాట! పనివేళలో పేకముక్కలు పేర్చుకుంటున్నాడు మహానుభావుడు.

“ఎవరికీ చెప్పకమ్మా,” అని బతిమాలాడు. “ఏ చుక్క ఎవరు తీశారో మార్పుల చిట్టాలో ఉంటుందిగా, చూసుకో.”

చూసింది. మూడువందల పన్నెండు చుక్కలు ఒకే రోజు, ఒకే దెబ్బకు పోయాయి. పక్కన ఉన్నది తన పేరే.

అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనే రాసిన నియమం అది: ఇరవై చదరపు మీటర్లకన్నా చిన్న పైకప్పులు ఇళ్ళు కావు, పశువుల కొట్టాలు, తీసెయ్యాలి. అందరూ శభాష్ అన్నారు. అక్క ఇల్లు పద్దెనిమిది. ఆ పద్దెనిమిదిలోనే, మిషను పక్కన కాళ్ళు ముడుచుకుని, తను పరీక్షలకు చదివింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“అక్క ఇల్లొక్కటి పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది,” అన్నాడు నిమ్మళం సార్, ఆమె చెప్పిందంతా విని.

“మిగతా మూడువందల పదకొండూ?”

“అన్నీ పెడితే సోమవారం ప్లాంటు ఒప్పందం మీద సంతకాలు ఆగిపోతాయి. అక్క కోసం పటం మార్చావంటారు. నీ ఉద్యోగానికే ఎసరు పిల్లా!”

“అననివ్వండి సార్.”

అన్నీ తిరిగి పెట్టింది. పచ్చమచ్చలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. కారణం రాయాల్సిన గడిలో, ‘ఇవి ఇళ్ళో కొట్టాలో వెళ్ళి చూసేదాకా తీయకూడదు. చూడకుండా తీసింది నేను’ అని రాసి పైవాళ్ళకు పంపింది.

అంతలో మళ్ళీ ఫోను. “దొరికాడా ఆ చేతులు పడిపోయేవాడు?” అంది అక్క.

“నేనేనక్కా.”

అవతల కుట్టుమిషన్ ఆగిపోయింది.