కొయ్యపిడి మీద పంటిగాట్లు

ఆ ఆదివారం నూర్ అహ్మద్ చేయవలసిన పనులు ఇవి: పెరుగమ్మే గురప్ప ట్యూబుకు రెండు ప్యాచీలు వేయాలి. స్కూలు పిల్ల సైకిల్‌కు బ్రేకు రబ్బర్లు మార్చాలి. గాలి పంపుకు కొత్త వాషరు తొడగాలి. అంగన్‌వాడీ ఆయా అమరావతి సైకిల్ ఎందుకు జారుతోందో తేల్చాలి. మూడు గంటలకు కుప్పం బస్సెక్కాలి.

వరసలో నాలుగోదే అయినా, అంగడి తలుపు తీస్తూనే ఆయన అమరావతి సైకిల్ మీదికి పోయాడు.

పుంగనూరు బస్టాండు వెనక సందులో నలభై ఒక్క ఏళ్ళుగా అదే సైకిల్ రిపేరు అంగడి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. గోళ్ళ కింద నలుపు ఏ సబ్బుకూ పోదు. కుడిచెవి పనిచేయడం మానేసి మూడేళ్ళయింది, ఎడమది సగం. కూతురు షబ్నం కుప్పంలో ఉంటుంది. సోమవారం చెవి మిషను పెట్టిస్తానని డాక్టరు దగ్గర పేరు రాయించింది.

బాగుచేసి పంపిన బండి అదే రోగంతో వెనక్కి రావడం ఆయన ఎరగడు. ఇది వచ్చింది. నెల కిందట అమరావతి, పెడలు తొక్కితే జారుతోందని తెస్తే, చైను అరిగింది కదా అని చైను మార్చి పంపాడు. మొన్న బుధవారం తెల్లారి మదనపల్లె రోడ్డు మిట్ట ఎక్కుతుంటే మళ్ళీ జారింది. ఆమె పనిచేసే అంగన్‌వాడీ మిట్ట అవతలి పల్లెలో ఉంది. మోచెయ్యి చీరుకుంది. పిల్లలకని తీసుకుపోతున్న ముప్పై గుడ్లూ రోడ్డుపాలయ్యాయి.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "నా తొక్కుడే సరిగా లేదేమోప్పా" అంది. ఆ మాటతో ఆయనకు అన్నం సయించలేదు.

"నూర్ భాయ్‌కి లారీ హారనే వినపడదు. సక్రం లోపల సప్పుడేం వినపడతాది!" అన్నాడు పక్కన టీ బంకు చెంగల్రాయుడు. అది మాత్రం నూర్ అహ్మద్‌కు స్పష్టంగా వినబడింది.

నిన్న ఎండలో ఎంత తొక్కి చూసినా చక్రం జారలేదు. "తెల్లారి పోయేటప్పుడే జారతాదప్పా. మధ్యాన్నం వచ్చేటప్పుడు బాగానే ఉంటాది" అని అమరావతి చెప్పింది. అందుకే రాత్రంతా సైకిల్‌ను మంచులో బయటే పెట్టించాడు.

ఏడింటికి అమరావతి వచ్చి, మోచేతి కట్టు సర్దుకుంటూ పలక బల్ల మీద కూర్చుంది. ఆయన సైకిల్‌ను తలకిందులు చేశాడు. వెనక చక్రాన్ని మోకాలితో అదిమి పెడలు తిప్పాడు. చైను కదిలింది, పళ్ళచక్రం కదిలింది, టైరు కదల్లేదు. అంటే జారేది ఆ పళ్ళచక్రం నడుమ ఉండే ఫ్రీవీలు లోపలే.

గూట్లోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశాడు. దాని కొయ్యపిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి, మొనను ఇరుసుకు ఆనించి, కళ్ళు మూసుకుని చక్రం తిప్పి వదిలాడు. చెవులు మొరాయించినప్పటి నుంచి ఆయన వినేది ఇట్లాగే, పళ్ళ గుండా. ఫ్రీవీలు లోపల రెండు ఉక్కు నాలుకలుంటాయి, మేస్త్రీలు వాటిని కుక్కలంటారు. అవి లేచి పళ్ళను పట్టుకుంటేనే బండి కదిలేది. రెండింటి చప్పుడు రావాలి. ఒక్కటే వస్తోంది, అదీ ముక్కుతూ మూలుగుతూ.

మూత మర ఎదురు తిప్పి విప్పాడు. ఆవగింజంత ఇనప గుండ్లు గిన్నెలో రాలాయి. లోపల పసుప్పచ్చ జిగురు. వేలితో తీసి వాసన చూశాడు. ముసిముసిగా నవ్వాడు.

"అమ్మా, దీంట్లో ఏం పోసినావు?"

"నూనెప్పా. అంగడి నూనె గాదు, మా చెనిక్కాయలు గానుగాడించిన సొంత నూనె. వారానికొకసారి పోస్తాండా."

"వంకాయ కూరకు పోయాల్సింది దీనికి పోసినావు. కుక్కలకు తిండెక్కువై పండుకోనుండాయి."

"కల్తీ లేందప్పా అది!"

"అదే గదమ్మా దాని రోగం. సలికి గడ్డకట్టి జిగురైపోతాది. ఎండెక్కితే కరుగుతాది." ఆయన వేలికంటిన జిగురు గుడ్డకు తుడిచాడు. "నీ తప్పు గాదులే. పోయిన నెల నేను విప్పకుండా చైను మీదికి తోసినా. పడింది నీవు."

అమరావతి గిన్నెలో పెట్రోలు పోసింది.

గుండ్లు కడిగి, వెంట్రుకంత స్ప్రింగులు తుడిచి, పల్చటి మిషను నూనె రెండు చుక్కలు వేసి మూత బిగించాడు. స్క్రూడ్రైవర్ పిడి లుంగీకి తుడిచి ఆమెకిచ్చాడు. ఆమె సంకోచించకుండా పళ్ళ మధ్య పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి.

"టకటకమని తలకాయంతా మోగతాండాదప్పా!"

"అట్ల మోగితే నమ్మొచ్చు. పద, మిట్టెక్కుదాం. నేను వెనక కూసుంటా. పడితే ఇద్దరం పడదాం."

మదనపల్లె రోడ్డు మిట్ట మీదికి ఆమె లేచి నిలబడి తొక్కుతుంటే, క్యారియర్ మీద ఆయన లుంగీ ఒడిసిపట్టుకుని కూర్చున్నాడు. "మేస్త్రీకి పెండ్లి ఊరేగింపురా!" అని సందు దాటేటప్పుడే చెంగల్రాయుడు కేకేశాడు. పెడలు ఒక్కసారి కూడా జారలేదు. మిట్ట మీద దిగి, ఆయన సీటును రెండుసార్లు తట్టాడు, ఎద్దు వీపు తట్టినట్టు.

మిగతా మూడు పనులూ ముగించి, చేతులు కడుక్కుని, మూడు గంటల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు.

మరునాడు తెల్లారి, చలిలో, అమరావతి ముప్పై గుడ్లతో మిట్టెక్కింది. పల్లెలో దిగి ఒక్కొక్క గుడ్డూ తడిమి చూసుకుని, చెప్పాలని నూర్ అహ్మద్‌కు ఫోను చేసింది. కూతురు షబ్నం ఎత్తింది.

"మా అబ్బా ఇంక లేడక్కా. బస్సు కుప్పం చేరినాక కండక్టరు లేపితే లేయలేదంట. నిద్రపోతాండాడనుకున్యారు."

అమరావతి చేతిలోని గుడ్డును మెల్లగా బుట్టలో పెట్టింది. "గుడ్లన్నీ బాగుండాయమ్మా. జారలేదు. అప్పకు చెప్పు" అంది.

మీరెప్పుడైనా ఆ పక్క పోయినప్పుడు, టకటకమంటూ మిట్టెక్కే పాత సైకిల్ ఎదురైతే, నూర్ అహ్మద్‌ను ఒక్కసారి తలుచుకోండి. దాని హ్యాండిల్‌కు వేలాడే వైరుబుట్టలో, ఆ ఆదివారం ఆయన ఆమె దగ్గర తిరిగి తీసుకోవడం మరిచిపోయిన స్క్రూడ్రైవర్ ఉంటుంది. కొయ్యపిడి మీద లోతుగా ఆయన పంటిగాట్లు, వాటి పక్కనే పైపైన ఆమెవి రెండు.