మావయ్య కోయని ఆకు

గ్రీన్‌హౌస్ మూల కుండీలోని అడవి గడ్డిని మావయ్య పన్నెండేళ్లుగా కంటికి రెప్పలా సాకుతున్నాడు. మొక్కలు చూడటం ఆయన ఉద్యోగం. ఆ గడ్డి మాత్రం ఆయన పిచ్చి. రెండు జాతులు కలిసి పుట్టిన గడ్డి అదని ఆయన నమ్మకం. విన్నవాళ్లు నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు కొత్త డైరెక్టర్ పనికిరాని కుండీలన్నీ శుక్రవారానికల్లా పారేయమన్నాడు.

రుజువు చేసే భారం మేనకోడలి మీద పడింది. పై అంతస్తు ల్యాబ్‌లో ఆమె పని అదే: ఆకు నలిపి, డీఎన్‌ఏ తీసి, జాతిని పట్టిచ్చే మార్కర్లతో పరీక్షించడం. ఆకులో ఏ జాతి జీనోమ్, అంటే జన్యువుల మొత్తం, ఉంటే జెల్ పలక మీద ఆ జాతి గీత వెలుగుతుంది. రెండు గీతలు పడితే మావయ్య గెలిచినట్టే. గ్రీన్‌హౌస్‌లో కత్తెర ఆయనది, ల్యాబ్‌లో జెల్ ఆమెది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. అందుకే ఆకు ఆయనే కోసి పంపాడు.

ఒక్క గీతే పడింది.

మళ్లీ చేసింది. మళ్లీ ఒక్కటే. జెల్‌కి మేనమామ అనే మొహమాటం ఉండదు కదా! చిన్నప్పుడు తనను భుజాన మోసిన మనిషికి ఈ మాటెలా చెప్పాలో తెలియక ఆమెకు ఏడుపొచ్చింది. గురువారం మధ్యాహ్నం కిందికి దిగి ఎలాగో చెప్పేసింది.

మావయ్య తన గడ్డికేసి చూడలేదు, పక్క కుండీకేసి చూశాడు. ఆ దొంగచూపు ఆమెకు కొత్త కాదు.

"మావయ్యా, నాకు పంపిన ఆకు ఎక్కడిది?"

"అది కాదే... దీనికి అప్పుడే చిగురేసింది. కోయడానికి చేతులు రాలేదు. పక్కనున్నది దీని తల్లి జాతేగా, పోలికలన్నీ ఒకటేగా అని..."

"నీ గారాబం తగలెయ్య! రేపు దీన్ని చెత్తలో పడేస్తున్నారు, ఒక్క ఆకుకి చేతులు రాలేదా?"

"ముదురాకు సరిపోదా?"

"లేతదైతేనే డీఎన్‌ఏ శుభ్రంగా వస్తుంది. కొయ్యి."

కోశాడు. కోసి, అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

శుక్రవారం పొద్దున రెండు గీతలూ పడ్డాయి. మేనకోడలు మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది. వెనకే డైరెక్టరూ వచ్చాడు. నిన్నటిదాకా చెత్త, ఇవాళ బంగారం. ఇకమీదట నెలనెలా లేత ఆకులు కోసి అన్ని ల్యాబులకూ పంపాలని చెప్పి వెళ్లిపోయాడు.

మావయ్య ముఖంలో వెలుగు సగంలో ఆగింది. "నెలనెలానా?"

"అది బతకాలంటే అంతే మావయ్యా."

ఆయన కత్తెర తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే నేనే కోస్తా," అన్నాడు చివరికి. "ఇంకొకళ్లు కోస్తే దానికి నొప్పెడుతుంది."