నీళ్ళకేం లోటు?

"కుళాయి తిప్పడం కూడా ఒక పనేనా?" అని పెళ్ళయిన కొత్తలో మా అత్తగారన్న మాట, గొట్టం డ్రమ్ములోకి వేసిన ప్రతిసారీ చెవిలో జోరీగలా తిరుగుతుంది. తిప్పడం పని కాదు, నిజమే. కాచుకోవడం పని. మా వీధికి నీళ్ళు పగలు పదకొండింటికి రావచ్చు, రెండున్నరకీ రావచ్చు. వస్తే నలభై నిమిషాలు. నీళ్ళ కంపెనీ కాగితాల్లో మాత్రం రోజూ సరఫరా ఉన్నట్టే. ఎప్పుడొస్తాడో చెప్పని చుట్టం కోసం గుమ్మంలో కూర్చున్నట్టు తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నాను. అంతకుముందు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. నీళ్ళ కోసం ఆగి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి మేనేజరు అందరి ముందూ, "ఏమ్మా, నీళ్ళొచ్చాయా, మమ్మల్ని తెచ్చి పొయ్యమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం మా ఆయనన్నది ఇంకా బాగుంది. "ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా!" ఎవరో ఒకరంటే ఎవరన్నది మా ఇంట్లో ఎన్నడూ చర్చకి రాలేదు. పనే మానేశాను.

వేళ చెప్పండి చాలు, మళ్ళీ పనికి పోతాను అని కంపెనీకి పదకొండు అర్జీలు పెట్టాను. పదకొండింటికీ ఒకటే జవాబు: సమస్య పరిష్కరించబడినది. అలాంటిది, కంపెనీ రేట్లూ వేళలూ తేల్చే నియంత్రణ మండలి ముందు జనం తరఫున వాదించడానికి ప్రభుత్వమే జీతమిచ్చి ఒక వకీలుని పెట్టాలా వద్దా అని అందరి అభిప్రాయం అడుగుతున్నారని కాలనీ బోర్డు మీద కాగితం చూసేసరికి, బీరువా అడుగున మడిచి పడేసిన ల్యాబు తెల్లకోటు గుర్తొచ్చింది. ఆ అభిప్రాయాలు వినే సభ ఎప్పుడయ్యా అంటే పనిరోజు, పగలు పదకొండింటికి. నీళ్ళు పట్టేవాళ్ళెవరూ రాకుండా ఉండాలంటే ఇంతకన్నా మంచి వేళ దొరకదు.

మా ఆయన కాలనీ సంఘం కార్యదర్శి. "నేను మాట్లాడతాగా, పాయింట్లు రాసివ్వు" అన్నాడు. రెండు కాగితాల నిండా రాసిచ్చాను. నేనూ వస్తానంటే, "అక్కడంతా పెద్ద పెద్దవాళ్ళు. నువ్వొచ్చి ఏం చేస్తావ్? నీళ్ళు పట్టుకో" అని బండెక్కాడు. ఆయన వీధి మలుపు తిరిగాక గొట్టాన్ని కింది వాటా పిన్నిగారి చేతిలో పెట్టాను. "వెళ్ళవే తల్లీ. నా వంతు కూడా దులిపేసి రా" అంది.

హాల్లో ఒక పక్క కంపెనీ వకీళ్ళు ముగ్గురు, వాళ్ళ ముందు ఫైళ్ళు, వాళ్ళ మీదే ఫ్యాను. రెండో పక్క ప్లాస్టిక్ కుర్చీల్లో కాలనీల మగవాళ్ళు. నేను వెనక స్తంభం పక్కన నిలబడ్డాను. మా ఆయన వంతొచ్చింది. జేబులోంచి నా కాగితాలు తీశాడు, మడత కూడా విప్పలేదు.

"ఈ వకీళ్ళూ గికీళ్ళూ దండగ సార్. మా కాలనీలో నీళ్ళకేం లోటు? మా ఇంట్లో నేనెప్పుడు చూసినా డ్రమ్ము నిండే ఉంటుంది. మాకు కావలసింది పార్కుకి ఒక గేటు."

కంపెనీ వకీళ్ళు ముగ్గురూ ఆ మాట శ్రద్ధగా రాసుకున్నారు. నా ఒళ్ళు మండిపోయింది. అబద్ధమాడి ఉంటే పోనీలే అనుకునేదాన్నేమో. ఆయన కళ్ళారా చూసిన నిజమే చెప్పాడు. నిండిన డ్రమ్ము చూశాడు, నింపిన మనిషిని చూడలేదు.

చెయ్యెత్తాను. ఇంటి నంబరు అడిగారు, చెప్పాను. "మీ ఇంటి తరఫున ఇప్పుడే మాట్లాడారు కదమ్మా. ఇంటికొకరే" అన్నాడు మండలి అధ్యక్షుడు. మా ఆయన వెనక్కి తిరిగి, కుక్కపిల్లకి చెప్పినట్టు, కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

కూర్చోలేదు. రాసైనా ఇవ్వచ్చా అని గుమ్మం దగ్గర బల్ల వేసుకున్న గుమాస్తాని అడిగాను. "కొత్త అభిప్రాయమైతే ఇక తీసుకోమమ్మా. ఎవరైనా చెప్పినదాని మీద అభ్యంతరమైతే రాసివ్వచ్చు" అని ఒక ఫారం ఇచ్చాడు. ఇంతలో మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏమిటిది? ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం, పద. నలుగురిలో నా పరువు తీస్తావా?"

"ఇంట్లో తొమ్మిదేళ్ళు మాట్లాడానండీ" అన్నాను.

విసురుగా బయటికి పోయాడు. కాసేపటికి స్కూటరు హారన్ మొదలైంది. నేను రాస్తూనే ఉన్నాను. నీళ్ళొచ్చిన వేళలు, రాని రోజులు, ల్యాబు, పదకొండు అర్జీలు. మాకో వకీలు కావాలని, రోజూ కుళాయి దగ్గర నిలబడేవాళ్ళని అడిగి మాట్లాడే వకీలు కావాలని రాశాను. ఎవరి మాటపై అభ్యంతరం అన్నచోట మా ఆయన పేరు, హోదాతో సహా రాశాను. గుమాస్తా మొత్తం చదివి, ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. ఎదుటి పక్షంతో మీకు గల సంబంధం.

"ఇది నింపితే రేపు మండలి ముందు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడాలమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "ముద్ర పడ్డాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆలోచించుకోండి."

ఆ గడిలో 'భార్య' అని రాసి, ముద్ర వెయ్యమని కాగితం అతని వైపు తోశాను.