తెల్లపక్షి ఎందుకు చెప్పింది

అత్తగారికి ఒళ్ళు తుడిచి, చీర మార్చి, నడుము కింద దిండు సర్దేసరికి పెద్దకోడలి వీపు పట్టేసింది. తుంటి విరిగి మంచాన పడ్డప్పటినుంచీ ముసలావిడకు పగటిపూట కునుకు పట్టదు.

"ఆ రెక్కల కథ చదవవే, కాస్త పొద్దుపోతుంది."

అయిదు సంపుటాల కథ అది. పెద్దకోడలు నక్షాలు గీసే ఆఫీసులో ఉద్యోగం చేసే రోజుల్లో బస్సులో నిలబడి చదివింది. రాజ్యాన్ని చీకటి కమ్ముతుంది. రెక్కలపిల్ల తన రెక్కలిస్తే రాజకుమారుడు ఎగిరి వెళ్ళి సూర్యుణ్ణి విడిపిస్తాడు. పిల్ల ఇవ్వనంటుంది. ఎప్పుడో తన రెక్కలు ఇచ్చేసిన తెల్లపక్షి వచ్చి, నచ్చజెప్పి ఒప్పిస్తుంది. ఆ త్యాగాల దగ్గర అప్పట్లో వెక్కివెక్కి ఏడ్చేది.

"ఆగాగు," అంది అత్తగారు. "రెక్కలున్నది పిల్లకి కదా. అదే ఎగిరి వెళ్ళొచ్చుగా? మధ్యలో ఈ అబ్బాయెందుకూ?"

"రాజకుమారుడు కదా అత్తయ్యా."

"అయితే? దానికి దారి తెలీదా?"

పెద్దకోడలికి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో తనకీ ప్రశ్నే తట్టలేదు.

"సరే, వాడికి కావాలి, అడిగాడు. ఆ తెల్లపక్షికేం పోయేకాలం? పనిగట్టుకుని వచ్చి మరీ చెప్పిందేం?"

"రాజ్యం కోసం."

"ఏమో. మళ్ళీ చదువు."

చదివింది. తెల్లపక్షి చీకటివైపు చూడలేదు, రాజకుమారుడివైపు చూడలేదు. మాట్లాడుతున్నంతసేపూ పిల్ల రెక్కలవైపే చూసింది. ఆ వాక్యం ఎప్పుడూ అక్కడే ఉంది. ఈసారి దాన్ని దాటి ముందుకు చదవలేకపోయింది.

మొన్న ఆదివారం ఇంట్లో ఇదే జరిగింది. "పెద్దదానివి, నువ్వు చెబితే చిన్నది వింటుంది," అన్నాడు భర్త. "మీరే గట్టెక్కించాలి వదినా," అన్నాడు మరిది. చిన్నకోడలు పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. ముసలావిడ నోట్లో ఉన్న సెట్టు కూడా ఆమె చేసిందే. ఉద్యోగం మానేసి పెద్దకోడలితోపాటు అత్తగారిని చూసుకోమంటే మొగుడికీ, బావగారికీ ఎదురుగా నిలబడి మాననంది. అప్పుడు తను వంటింట్లోకి పిలిచింది. "నేను మానలేదా? మానేసి చచ్చిపోయానా? అంత స్వార్థం పనికిరాదమ్మాయ్," అంది. చిన్నది కడిగిన పళ్ళేలు బోర్లించి, "సరేలే అక్కా," అంది. ఆ మాట వినగానే తనకు జాలి కలగలేదు. హాయిగా అనిపించింది. అవును, హాయిగానే. రోజూ పొద్దున చిన్నది బ్యాగు జిప్పు లాగే చప్పుడు వినపడగానే ఏదో ఒక పని పురమాయించే తన నోరు గుర్తొచ్చింది. 'ఒక్క నిమిషం, ఈ పాలు చూడు.' పాలు పొంగే గిన్నె పక్కనే తను నిలబడి ఉండేది. బస్సు తప్పిపోయిందని చిన్నది వెనక్కి వచ్చిన రోజు, అయ్యో అంటూనే లోలోపల నవ్వుకుంది. ఎవరూ చూడలేదనుకున్న ఆ నవ్వు ఇప్పుడు ముఖమ్మీద అతుక్కుపోయినట్టుంది. పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం భర్త చొక్కా విప్పుతూ, "రేపేగా అది రాజీనామా ఇచ్చేది?" అన్నాడు.

"ఇవ్వదు. పగలు నేను చూస్తాను. పొద్దున ఒళ్ళు తుడవడం మీది, రాత్రి మీ తమ్ముడిది. ఆవిణ్ణి పక్కకి ఎలా తిప్పాలో చూపిస్తాను."

"నేనా? నాకేం చేతనవుతుంది?"

"నాకూ పుట్టుకతో రాలేదు."

అతడు ఏదో అనబోతుండగా వీధి తలుపు చప్పుడైంది. పెద్దకోడలు ఎదురెళ్ళింది. గడపలో చెప్పులు విడుస్తోంది చిన్నది. గోళ్ళ సందుల్లో పళ్ళ సెట్లకు వాడే గులాబీరంగు మైనం.

"రాజీనామా ఇవ్వకు," అంది పెద్దకోడలు. తలెత్తలేకపోయింది. "అత్తయ్య కోసం కాదు నేను చెప్పింది. పొద్దున్నే నువ్వు తయారై బయటికెళ్తుంటే చూడలేక."

చిన్నది రెండో చెప్పు విడవలేదు.

"తెలుసక్కా," అంది మెల్లగా. "అత్తయ్యకీ తెలుసు."