ఎదుటివాళ్ళ కళ్ళు

తెల్లవారకముందే డయాలసిస్ పేషెంట్లను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, మొదటి బ్యాచ్ మొదలయ్యే వేళకు ఆస్పత్రిలో దించే వ్యాన్ ఆమెది. ఎక్కేవాళ్ళు చిన్నా పెద్దా తేడా లేకుండా ఆమెను వ్యానక్క అనేవాళ్ళు. ముందు సీటు ఎప్పుడూ టైలరమ్మదే. కిడ్నీలు మొరాయించినా ఆవిడ నోరు మాత్రం ఏ రోజూ మొరాయించలేదు.

వ్యాన్ పాతది. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయో లేదో దిగి చూసుకోవాల్సినంత మసక. ఒక రోజు స్పీడ్ బ్రేకర్ కనపడక వ్యాన్ ఎగిరిపడింది. టైలరమ్మ తల పైకప్పుకి కొట్టుకుంది.

"ఏమే, నన్ను ఆస్పత్రికి తీసుకెళ్తున్నావా, నేరుగా పైకే పంపిస్తున్నావా?" అందావిడ తల తడుముకుంటూ. అందరూ నవ్వారు. వ్యానక్కకి మాత్రం నవ్వు రాలేదు. ఇంటికెళ్ళాక ఆ మాట తమ్ముడితో చెప్పుకుంది.

తమ్ముడు ఏసీలు బాగుచేస్తాడు. ఆదివారం ఎల్‌ఈడీ బల్బుల డబ్బాతో వచ్చాడు. బానెట్ ఎత్తి, లైట్ల వెనకవైపు రబ్బరు మూత పీకి, క్లిప్పు తప్పించి పాత బల్బులు తీశాడు. కొత్తవాటి వెనక చిన్న ఫ్యాన్ ఉంది. మూత పట్టక చెమటలు కక్కాడు. చీకటి పడ్డాక స్విచ్ వేస్తే ఎదురింటి గోడ పట్టపగల్లా వెలిగిపోయింది.

"ఒరేయ్, నువ్వు చల్లగుండాలిరా," అని అతని మసి చేతుల్ని తన చీర చెంగుతో తుడిచింది.

మర్నాడు దారిలో గులకరాయి కూడా స్పష్టంగా కనపడింది. ఎదురొచ్చే బళ్ళు మాత్రం పదే పదే లైట్లు ఆర్పి వెలిగిస్తున్నాయి.

"చూశావా, మీ తమ్ముడి లైట్లకి దండాలు పెడుతున్నారు," అంది టైలరమ్మ.

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే మలుపులో ఒక స్కూటర్ ఎదురొచ్చింది. అటూ ఇటూ తూలి, కడుతున్న ఇంటి ముందున్న ఇసక కుప్పలోకి దూసుకుపోయింది. వార్తాపత్రికలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి.

వ్యానక్క బ్రేక్ వేసి దిగి పరిగెత్తింది. కుప్ప మీద పడి ఉన్న పేపరాయన కదల్లేదు. తర్వాత నోట్లో ఇసక ఉమ్మి లేచి కూర్చున్నాడు.

"ముందు ఆ లైట్లు ఆపమ్మా తల్లీ!"

ఆయన మాట్లాడాడు. అది చాలు. ఆమె పరిగెత్తి ఆపేసి వచ్చింది. మోచెయ్యి చీరుకుపోయింది తప్ప ఎముకలు బాగానే ఉన్నాయి.

"తిట్టండి బాబాయ్, పడతాను."

"తిడితే నీకేం తెలుస్తుంది? ఇలా వచ్చి నా చోట కూర్చో."

ఆమె ఇసకలో కూర్చుంది. ఆయన కుంటుతూ వెళ్ళి వ్యాన్ స్విచ్ వేశాడు. కళ్ళముందు ఒక తెల్లటి గోడ లేచింది. వ్యాన్ లేదు, రోడ్డు లేదు, అడ్డం పెట్టుకున్న తన చెయ్యే తనకి కనపడలేదు.

"డిమ్‌లో పెట్టండి బాబాయ్!"

"డిమ్‌లోనే ఉందమ్మా."

అప్పటికి తూరుపు తెల్లబడింది. లైట్లు ఆర్పి, ఆయన్నీ ఎక్కించుకుని, వ్యాన్ నెమ్మదిగా నడిపింది. వెనక సీట్లవాళ్ళు పేపర్ల కట్టలు ఒళ్ళో పెట్టుకుని, ఇసక దులిపి, మడతలు సరిచేశారు. ఆస్పత్రిలో నర్సు ఆయన చేతికి కట్టు కట్టేదాకా వ్యానక్క పక్కనే నిలబడింది.

సాయంత్రం తమ్ముడు గుమ్మంలోనే అడిగాడు.

"ఎలా ఉన్నాయక్కా?"

"నాకైతే బ్రహ్మాండంగా ఉన్నాయిరా," అని, జరిగిందంతా చెప్పింది.

అతని మొహం పాలిపోయింది. "నీకు కనపడాలనే చూశాను. అవతలివాడి సంగతి నా బుర్రకే తట్టలేదు."

వెంటనే బానెట్ ఎత్తాడు. ఒక వైపు పాత బల్బు పెట్టి, రెండో వైపు ఎల్‌ఈడీ ఉంచి, గోడ మీద చూశాడు. పాతదాని వెలుగు మసకగా ఉన్నా, పైన గీత గీసినట్టు ఒక ఎత్తులో ఆగిపోయింది. కొత్తది గోడంతా చిమ్మి, కిటికీలు దాటి డాబా దాకా పోయింది. లైటు కోణం కిందికి దించి చూశాడు. చిమ్మడం మాత్రం ఆగలేదు.

"లోపలి అద్దం గిన్నెని పాత బల్బు తీగకి సరిపడా చేశారక్కా. ఇది అందులో కుదరదు," అన్నాడు.

ఎల్‌ఈడీలు తీసేశాడు. అసలు రకం బల్బులే కొత్తవి తెచ్చి వేశాడు. అప్పుడు అతని చూపు పసుపెక్కిన బయటి ప్లాస్టిక్ అద్దాల మీద పడింది. నీళ్ళు పోస్తూ సన్న గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెడితే పసుపు నీళ్ళు కారాయి. ఇద్దరూ చెరో లైటు పట్టుకుని భుజాలు లాగేదాకా రుద్ది, మెరుగు పెట్టారు. స్విచ్ వేస్తే రోడ్డు మీద శుభ్రమైన వెలుగు పరుచుకుంది. గోడ మీద గీత గీతలాగే ఉంది.

"నా కానుక డబ్బాలోకే పోయింది," అన్నాడు తమ్ముడు.

"పిచ్చి సన్నాసీ, నువ్వు పూనుకోకపోతే ఈ మురికి నా కంట పడేదా?"

మర్నాడు అతను కూడా బయల్దేరాడు. మలుపు దగ్గర దిగి, ఇసక కుప్ప పక్కన నిలబడి, అక్కని వెనక్కి వెళ్ళి ఎదురు రమ్మన్నాడు. వ్యాన్ వచ్చింది. అతను కళ్ళు చికిలించలేదు. రమ్మని చెయ్యూపాడు.

"అద్దాలకి శుక్లాలు తీశావన్నమాట! నా కళ్ళకి కూడా చేస్తావా నాయనా?" అంది టైలరమ్మ సర్దుకుని చోటిస్తూ.

మిగతా దారంతా అక్క ఒక్కో ఇంటి ముందు దిగడం, ఒక ముసలాయన చంకలో చెయ్యి వేసి మెట్టెక్కించడం, ఒకామె కాళ్ళ మీద దుప్పటి కప్పడం, మళ్ళీ స్టీరింగ్ దగ్గరికి రావడం తమ్ముడు చూస్తూ కూర్చున్నాడు. తను నిద్రలేచేలోపు ఇంత పని జరిగిపోతుందని అతను ఏనాడూ అనుకోలేదు.

ఆస్పత్రి ముందు అందర్నీ అతనే దించాడు. ముసలాయన అతని చెయ్యి వదల్లేదు. "మీ అక్క లేకపోతే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ణి కాదయ్యా," అన్నాడు.

తమ్ముడు వ్యాన్ దగ్గరికి తిరిగొచ్చాడు.

"అక్కా, టీ తాగుదామా?" అన్నాడు.

"పద," అందామె. ఇద్దరూ నడిచారు. అతను ఆమె చేతిలో సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు.