మూకుట్లో మట్టి

ఆ ఇంట్లో మూకుళ్ళు రెండు. ఒకటి మనుషులకి, రెండోది మట్టికి. పెళ్ళినాటికి ఈ విభజన లేదు. రోడ్ల కంపెనీ ల్యాబులో ఓవెన్ కాలిపోయాక వచ్చింది. కొత్తది వచ్చేదాకా అని ఆ ఇల్లాలి భర్త మట్టి సంచీ చంకన పెట్టుకుని ఇంటికి రావడం మొదలుపెట్టి రెండు నెలలైంది. పనిలో అందరూ ఆయన్ని మట్టి మాస్టారంటారు. ఆయన పాఠం చెప్పింది మాత్రం ఒక్క భార్యకే.

పాఠం ఇది. తారు వేయని రోడ్డు వానకి కరిగిపోకుండా ఉండాలంటే నల్లమట్టిలో సున్నం కలిపి, సరిపడా నీళ్ళు పోసి, రోలరుతో తొక్కించాలి. ఎన్ని నీళ్ళు పోయాలో తెలియాలంటే మట్టిలో ముందే ఎంత తడి ఉందో తెలియాలి. అందుకని మట్టిని తూచి, సన్నటి సెగ మీద ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. తగ్గిన బరువంతా నీరన్నమాట. సెగ ఎక్కువైతే మట్టిలోని గడ్డివేళ్ళు కూడా కాలిపోయి, వాటి బరువు కూడా నీళ్ళ కిందే జమవుతుంది. అది కనిపెట్టడానికి మట్టి మీద ఒక తెల్లకాగితం ముక్క పెడతారు. కాగితం కమిలిందంటే ఆ మట్టి పారేసి మళ్ళీ మొదటికి రావలసిందే.

ఒక రోజు ఆయన "కాస్త కలుపుతూ ఉండు" అని అట్లకాడ ఆమె చేతికిచ్చి స్నానానికి వెళ్ళాడు. పొయ్యికి రెండో వైపు వెలగక వారమైంది. వంట మొదలే కాలేదు. మట్టి ఆరేదాకా ఇంటిల్లిపాదీ గాలి భోంచేయాలా అనుకుని ఆమె మంట పెంచింది. మట్టే కదా, మాడితే మాత్రం ఎవరు వంక పెడతారు? కాసేపటికి పొగ వచ్చింది. కాగితం టీ రంగుకి తిరిగింది. ఆమె దాన్ని కిటికీలోంచి పారేసి, కొత్త ముక్క పెట్టి, సెగ తగ్గించింది. స్నానం చేసి వచ్చిన మాస్టారు తెల్లటి కాగితం చూసి మురిసిపోయాడు.

"నిన్ను ల్యాబులో పెట్టుకోవలసింది."

"జీతం ఇస్తానంటే ఇప్పుడైనా వస్తాను."

ఆయన నవ్వుతూ తూచి, నూటికి పదిహేడు పాళ్ళు తడి అని రాసుకున్నాడు. అంత తడి ఉన్న మట్టికి పోయవలసిన నీళ్ళు కొంచెమే. కొంచెమే పోయించాడు.

రోడ్డు వేసిన ఐదో రోజు మొదటి లారీ వెళ్ళింది. దాని వెనకే రెండువందల మీటర్ల రోడ్డు పిండిపిండిగా లేచిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె తమ్ముడు వచ్చాడు. ఆ రోలరు నడిపేది అతనే.

"రేపొద్దున తాళంచెవి ఇచ్చేసి పొమ్మన్నారక్కా. 'నువ్వు నడిపింది రోలరా, పల్లకీనా' అంటాడు ఇంజనీరు. ఎనిమిది సార్లు తొక్కించాలి, ఎనిమిది సార్లూ తొక్కించాను."

"మీ బావేమన్నాడు?"

"తడి లెక్క సరిగ్గానే ఉంది, తొక్కుడే తక్కువై ఉంటుందని రాసిచ్చాడు. బావ లెక్క ఎప్పుడు తప్పింది గనక? ఆరోసారి తర్వాత నేనే పరధ్యానంలో పడ్డానేమో అక్కా. నాకే అనుమానంగా ఉంది."

వాడు కోపంతో అరిచి ఉంటే ఆమె తట్టుకునేది.

సాయంత్రం భర్త రెండో చెప్పు విప్పకముందే, మంట పెంచి కాగితం మార్చిన విషయం చెప్పేసింది. ఆయన ఒక చెప్పుతోనే కూర్చున్నాడు.

"ఎంతసేపు పెంచావ్?"

"పొగ వచ్చేదాకా. వంటకి ఆలస్యమవుతోందని."

"ఏం వంట?"

"మీరు రెండోసారి వడ్డించమన్న వంట."

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే."

"అయితే అక్కడితో ఆపు. రిపోర్టులో ఓవెన్ అని రాసి సంతకం పెట్టాను. వంటింట్లో చేశానని తెలిస్తే మళ్ళీ ఏ ల్యాబు గడపా తొక్కనివ్వరు. మీ తమ్ముడికేం, కుర్రాడు. ఇంకో రోలరు దొరుకుతుంది."

"వాడు చేయని తప్పుకా?"

"నేను చేశానా?"

తప్పు చేసింది ఆమె. శిక్ష పడేది ఆ ఇద్దరిలో ఒకరికి. ఆమె పేరు మాత్రం ఏ రిపోర్టులోనూ లేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె పని జరిగేచోటికి వెళ్ళింది. రేకుల షెడ్డులో ఇంజనీరు కూర్చున్నాడు, ఎదురుగా తాళంచెవి పట్టుకుని తమ్ముడు, పక్కన భర్త. ఆమె మంట దగ్గర్నుంచి కాగితం దాకా మొత్తం చెప్పింది. మాస్టారు ఆ మట్టి తీసిన కుప్పలో మిగిలింది టార్పాలిన్ కింద అలాగే ఉందట, దాన్ని పక్క క్యాంపు ఓవెన్‌లో ఆరబెట్టి చూసుకోమంది.

ఇంజనీరు నమ్మలేదు. "తమ్ముడి మీద ప్రేమతో చెబుతున్నారేమోనమ్మా. ఏం మాస్టారూ? మీరు కాదంటే ఇక్కడితో వదిలేద్దాం."

భర్తకి ఒక్క మాటతో బయటపడే దారి.

"వద్దు బావా, నేను వెళ్ళిపోతాలే" అన్నాడు తమ్ముడు, తాళంచెవి బల్ల మీద పెడుతూ.

మాస్టారు ఆ తాళంచెవి వైపు చూశాడు.

"నిజమే సార్. వంటింట్లోనే చేశాం. ఓవెన్ అని రాసింది నేను. ఇతను ఎనిమిది సార్లూ తొక్కించాడు."

ఇంజనీరు బల్ల మీది తాళంచెవి తీసి తమ్ముడికిచ్చి, రోడ్డంతా తవ్వి మళ్ళీ కలపమన్నాడు. తర్వాత మాస్టారి వైపు చెయ్యి చాపాడు. ఆయన జేబులోంచి ల్యాబు తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు.

ఇంటికి తిరిగి వెళ్ళే దారి ఆ రోడ్డే. ఆయన పది అడుగులు ముందు నడుస్తున్నాడు. చెప్పుల కింద లేచిన సున్నపు దుమ్ము ఆమె మొహాన పడుతోంది. వెనక రోలరు మొదలైన చప్పుడు వినిపించింది. ఆయన తిరిగి చూడలేదు.

"ఏమండీ" అని పిలిచింది.

ఆయన నడక తగ్గించాడు గానీ ఆగలేదు. ఆమె కూడా తగ్గించింది. ఆ పది అడుగుల దూరం అలాగే ఉంచి నడిచింది.